జాయినింగ్ తేదీ రాసివ్వండి, లేదంటే ఆఫర్ లేదని రాసివ్వండి

మధురవాడ, విశాఖపట్నం
2 మార్చి 2026

హెచ్‌ఆర్ విభాగం అధిపతి గారికి,

విషయం: ఆఫర్ అంగీకరించినా చేర్చుకోకపోవడం, రాతపూర్వక సమాధానం ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

నమస్కారం.

మీ విశాఖ ఆఫీసులో సీనియర్ టెస్ట్ ఇంజనీరు ఉద్యోగానికి గత ఆగస్టులో నాకు ఆఫర్ లెటర్ పంపారు. మీరిచ్చిన గడువులోపే సంతకం పెట్టి తిప్పి పంపాను. హైదరాబాద్‌లో చేస్తున్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, 90 రోజుల నోటీస్ పీరియడ్ పూర్తి చేసి, రిలీవింగ్ లెటర్ మీ పోర్టల్‌లో పెట్టాను. డిసెంబరు 1న చేరాలి. ఇంతవరకూ చేరలేదు. రావద్దని మీరు అనలేదు, రమ్మనీ అనలేదు.

ఆలస్యాలు అవుతాయని నాకు తెలుసు. చాలా ఏళ్లుగా ఈ రంగంలోనే ఉన్నాను. పైన ఒక క్లయింటు సంతకం ఆగితే కింద ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉంటాయో చూసినదాన్నే. ఆలస్యానికి మాత్రమే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. నా ఫిర్యాదంతా మీరు చెబుతున్న 'వచ్చే వారం' మీద.

నవంబరు చివర్లో మీ రిక్రూటర్ ఫోన్ చేసి, చిన్న అప్రూవల్ పెండింగ్‌లో ఉంది, వచ్చే వారం మెయిల్ వస్తుంది అన్నారు. తర్వాత క్రిస్మస్ సెలవులన్నారు. సంక్రాంతి వెళ్లనివ్వండి అన్నారు. నేను పంపిన మెయిల్ వెనక్కి తిరిగొచ్చాక తెలిసింది, ఆయనే కంపెనీ మారిపోయారని. ఆయనకు మాత్రం ఎక్కడో జాయినింగ్ తేదీ దొరికినట్టుంది. ఆయన స్థానంలో వచ్చిన మేడమ్ కూడా మొదటి ఫోన్‌లోనే వచ్చే వారం అన్నారు. ఇప్పుడు ఉగాది దగ్గరికొచ్చింది.

జూన్ దాకా పడుతుందని డిసెంబరులోనే చెప్పి ఉంటే బాధపడేదాన్ని, కానీ ఏదో ఒక దారి చూసుకునేదాన్ని. వచ్చే వారం అంటే మనిషి ఏ పనీ మొదలుపెట్టలేడు. తెలిసినవాళ్ల కంపెనీలో మూడు నెలల కాంట్రాక్టు పని ఉంది, వస్తావా అని అడిగారు. వచ్చే వారం మీ దగ్గర చేరాల్సినదాన్ని వాళ్లకు మూడు నెలలు ఎలా మాటివ్వను? పైగా అక్కడ పీఎఫ్ కడితే నా పీఎఫ్ ఖాతాల ఉమ్మడి నంబరు యూఏఎన్‌లో కనిపిస్తుంది, మీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మళ్లీ మొదటికొస్తుంది. వేరే ఇంటర్వ్యూలకు వెళ్తే, చేతిలో ఆఫర్ ఉందా అని అడుగుతున్నారు. ఉందంటే, అయితే మీరు అక్కడికే వెళ్లిపోతారు కదా అని ఫైలు మూసేస్తున్నారు. ఆ మాట దాస్తే, రిలీవింగ్ లెటర్ మీద తేదీ చూసి, ఇన్నాళ్లూ ఖాళీగా ఎందుకున్నారని అడుగుతారు. పాత కంపెనీలో నా స్థానంలోకి వేరే అమ్మాయి వచ్చేసింది. వాళ్లను ఇప్పుడు ఏ ముఖంతో అడగను?

మీ ఆఫీసు రుషికొండ ఐటీ కొండ మీద ఉంది కాబట్టి, రోజూ దూరం తిరగక్కర్లేదని మధురవాడలో ఇల్లు తీసుకుని అడ్వాన్స్ కట్టాను. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చినప్పుడు నేను నోటీస్ పీరియడ్‌లోనే ఉన్నాను. అందరికంటే ముందే సొంత ఊరికి వెళ్తున్నావని టీమ్‌లో వాళ్లు పొగిడారు కూడా. ఇప్పుడు మా ఓనరు గారు మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా "ఏటమ్మా, ఇంకా ఆఫీసుకెళ్లట్లేదేటి?" అంటారు. ఆవిడ తప్పేమీ లేదు, అద్దె టైముకి వస్తుందో రాదో అని ఆవిడ టెన్షన్ ఆవిడది.

అద్దె సంగతి ఎలాగో సర్దుకుంటున్నాను. సర్దుకోలేనిది ఆరోగ్య బీమా. మా నాన్నగారికి షుగరు, బీపీ ఉన్నాయి. పాత కంపెనీ గ్రూప్ పాలసీలో ఆయన పేరు ఉండేది, నా ఆఖరి పనిరోజుతో అది పోయింది. మీ పాలసీలో చేరిన రోజు నుంచే తల్లిదండ్రులకు కవర్ ఉంటుందని మీ ఆఫర్ లెటర్‌తో పాటు ఇచ్చిన కాగితంలో రాశారు. ఆ చేరిన రోజే రావడం లేదు. పోనీ సొంతంగా కొత్త పాలసీ తీసుకుందామా అంటే, మామూలుగా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ వర్తించదు. ముందు నుంచీ ఉన్న జబ్బులకైతే మూడేళ్ల వరకూ ఆగాల్సి రావచ్చు. అదీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆ గరిష్ఠ గడువును నాలుగేళ్ల నుంచి తగ్గించాక. వారం ఖాళీ కోసం ఎవరూ వేలకు వేలు ప్రీమియం కట్టరు. మీ మాట నమ్మి నేనూ కట్టలేదు. జనవరిలో నాన్నగారిని రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది, బిల్లు మొత్తం నా సేవింగ్స్‌లోంచే కట్టాను.

ఇంత జరుగుతుంటే మీ పోర్టల్ నుంచి మెయిల్ వచ్చింది: మీ మెడికల్ ఫిట్‌నెస్ రిపోర్టు పాతబడింది, మళ్లీ చేయించుకుని అప్‌లోడ్ చేయండి అని! అది పాతబడింది ఎవరి వల్ల?

ఫోన్లతో పని కావడం లేదని మీ ఆఫీసుకు కూడా వచ్చాను. అపాయింట్‌మెంట్ లేనిదే పైకి పంపరన్నారు. సెక్యూరిటీ ఆయన మర్యాదగానే మాట్లాడారు, ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ కింద టీ బండి దగ్గర నాలాగే ఆఫర్ లెటర్ పట్టుకుని వచ్చినవాళ్లు కలిశారు. అందరిదీ అదే ప్రాజెక్టు. అందరికీ, మీ ఒక్కరి ఫైలే ఆగింది అని చెప్పారట. నాకూ అదే చెప్పారు. దీన్ని ఆలస్యం అనరు.

మీ ఆఫర్ లెటర్‌లో, చెప్పిన తేదీకి చేరకపోతే ఆఫర్ రద్దవుతుందని ఉంది. చెప్పిన తేదీకి మీరు చేర్చుకోకపోతే ఏమవుతుందో మాత్రం ఎక్కడా లేదు. ప్రతిపాదన, దానికి అంగీకారం కలిస్తే ఇద్దరికీ బాధ్యత పుడుతుందనేదే 1872 నాటి మన కాంట్రాక్టు చట్టానికి పునాది. కోర్టుకెక్కే ఓపిక గానీ కోరిక గానీ నాకు లేవు. అయినా ఆ కాగితం మీద సంతకాలు రెండు ఉన్నాయి, ఒకటి మీది.

కాబట్టి మార్చి 16లోగా కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో నాకు జవాబు కావాలి. జాయినింగ్ తేదీ ఉంటే అది రాయండి, ఏప్రిల్ అయినా మే అయినా సరే. ఆ రోజు కూడా దాటితే నెలకు జీతంలో ఎంత చెల్లిస్తారో అదే కాగితంలో ఉండాలి. చేర్చుకునే పరిస్థితి లేకపోతే, ఆఫర్‌ను కంపెనీయే వెనక్కి తీసుకుందని, ఇందులో అభ్యర్థి లోపం లేదని రాసివ్వండి. అది చూపించి వేరేచోట ఉద్యోగం వెతుక్కుంటాను. రెండింటిలో ఏదైనా, డిసెంబరు 1 నుంచి నాకైన ఇంటి అద్దె, నాన్నగారి ఆసుపత్రి ఖర్చు మీరే భరించాలని కోరుతున్నాను. బిల్లుల నకళ్లు జతచేశాను. మెడికల్ పరీక్షలు మాత్రం తేదీ వచ్చేదాకా మళ్లీ చేయించుకోను.

ఈ ఉత్తరాన్ని మెయిల్‌తో పాటు మీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో కూడా పంపుతున్నాను. జవాబు పై చిరునామాకే పంపండి. ఫోన్‌లో చెబితే లెక్కలోకి తీసుకోను.

ఇట్లు,
సీనియర్ టెస్ట్ ఇంజనీరుగా మీరు ఎంపిక చేసిన అభ్యర్థిని