పట్టీ చెప్పిన ‘పాజిటివ్’ తుది ఫలితం కాదు

సంపాదకుడు గారికి,

‘మాదకద్రవ్యాల పరీక్షలో పాజిటివ్’ అని వార్త రాసేటప్పుడు అది ఏ పరీక్షో కూడా దయచేసి రాయండి. మూత్రంలో ముంచే పట్టీ ఇచ్చేది అనుమానం మాత్రమే. నిర్ధారణ ల్యాబ్‌లో మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువులను వాటి బరువును బట్టి గుర్తించే యంత్రం) మీద జరగాలి.

పట్టీలోని యాంటీబాడీ (నిర్ణీత పదార్థానికి అతుక్కునే ప్రొటీన్) మందు అణువు ఆకారాన్ని ఉజ్జాయింపుగా పట్టుకుంటుంది. అందుకే జలుబు మందులోని సూడోఎఫెడ్రిన్‌ను ఒక్కోసారి యాంఫెటమైన్‌గా పొరబడుతుంది. ‘ఓపియేట్ (నల్లమందు జాతి పదార్థం) పాజిటివ్’ అన్నంత మాత్రాన హెరాయిన్ అని కాదు. దగ్గుమందులోని కోడీన్ కొంత ఒంట్లో మార్ఫిన్‌గా మారుతుంది, గసగసాల్లోనూ మార్ఫిన్ ఉంటుంది. హెరాయిన్ అని తేల్చాలంటే అది ఒంట్లో విరిగినప్పుడు పుట్టే 6-ఎసిటైల్‌మార్ఫిన్ కనిపించాలి. అది మూత్రంలో ఒక రోజు దాటి నిలవడం అరుదు. మరోవైపు కృత్రిమంగా తయారుచేసే నొప్పి మందులు ఫెంటానిల్, ట్రమడాల్ ఓపియేట్ పట్టీకి చిక్కనే చిక్కవు.

గంజాయి విషయంలో వెతికేది మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీని కాదు, దాని ఆమ్ల మెటబొలైట్‌ను, అంటే ఒంట్లో అది మారి ఏర్పడే ఆమ్ల రూపాన్ని. పట్టీకి కటాఫ్ (కనీసం ఇంత ఉంటేనే పాజిటివ్ అనే హద్దు) సాధారణంగా మి.లీ.కు 50 నానోగ్రాములు, నిర్ధారణకు 15. పట్టీ ఒకే కుటుంబానికి చెందిన మెటబొలైట్లన్నిటినీ కలిపి లెక్కిస్తుంది, యంత్రం ఒక్కదాన్నే కొలుస్తుంది. ఈ తేడా అందుకే.

ఆ మెటబొలైట్ చాలావరకు గ్లూకురోనైడ్ అనే, శరీరం తగిలించే చక్కెర లాంటి భాగంతో అతుక్కుని ఉంటుంది. ముందుగా అంతర్గత ప్రమాణాన్ని (పోల్చి కొలవడానికి తెలిసిన మోతాదులో వేసే అదే మెటబొలైట్; యంత్రం వేరుగా గుర్తించేలా బరువైన హైడ్రోజన్ అయిన డ్యుటీరియంతో తయారైనది) కలిపి, ఆపై క్షారంతోనో ఎంజైమ్‌తోనో ఆ బంధాన్ని విడగొట్టాలి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. బంధం సగమే విడితే ఫలితం తక్కువ చూపిస్తుంది. అంతర్గత ప్రమాణం విడిగా ఉన్న రూపంలోనే కలుపుతారు కాబట్టి అది ఈ లోపాన్ని బయటపెట్టదు. అందుకే గ్లూకురోనైడ్ కలిసిన కంట్రోల్ నమూనాను (ఎంత ఉందో ముందే తెలిసిన నమూనా) ప్రతి బ్యాచ్‌లో నడపాల్సిందే. మూత్రం నుంచి మెటబొలైట్‌ను వెలికితీశాక, జీసీ-ఎంఎస్‌లో (పదార్థాలను ముందు వేరుచేసి తర్వాత గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్) రిటెన్షన్ టైమ్ (పదార్థం బయటికి రావడానికి పట్టే సమయం), అయాన్ల (అణువు విరిగి ఏర్పడే విద్యుదావేశ ముక్కల) నిష్పత్తులు రెండూ ప్రమాణంతో సరిపోలాలి. ఒకటే కుదిరితే ‘ఉంది’ అని రాయకూడదు.

‘నెగెటివ్’ను కూడా గుడ్డిగా నమ్మలేం. మూత్రంలో సహజంగా ఉండే వ్యర్థ పదార్థం క్రియాటినిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే మూత్రం పలచబడిందేమోనని చూడాలి.

కాబట్టి ప్రతి నివేదికలో వెతికిన మెటబొలైట్ పేరు, పద్ధతి, కటాఫ్, క్రియాటినిన్ విలువ తప్పనిసరి చేయాలి. నమూనా ఇచ్చినప్పుడే రెండు సీసాల్లోకి పంచి, రెండోదానికి ఇచ్చిన వ్యక్తి ఎదుటే సీలు వేసి, మైనస్ 20 డిగ్రీల్లో భద్రపరచాలి. అతను కోరితే ఆ సీసాను వేరే ల్యాబ్‌కు పంపాలి. ఆ ఫలితం వచ్చేదాకా పేరు అచ్చు వేయకండి.

– ఒక టాక్సికాలజీ విశ్లేషకుడు