ఫోన్‌లో రాసిన వాయిదా కంప్యూటర్‌లో ఎందుకు కనిపించదు?

సంపాదకుల వారికి నమస్కారం.

వరంగల్, హన్మకొండల్లో వకీళ్లు, క్లినిక్‌ల వాళ్లు, ఫంక్షన్ హాళ్లు, టెంట్ హౌస్‌లు నడిపేవాళ్లు తేదీలన్నీ ఇప్పుడు ఫోన్ క్యాలెండర్‌లోనే రాసుకుంటున్నారు. కోర్టు హాల్లో వకీలు వాయిదా తేదీ ఫోన్‌లో ఎక్కిస్తారు. ఆఫీసులో గుమాస్తా కంప్యూటర్ తెరిస్తే ఆ రోజు ఖాళీగా ఉంటుంది. ఫోన్ పాడైందనో, నెట్ సరిగ్గా లేదనో అనుకుంటారు. చాలాసార్లు రెండింటికీ దోషం ఉండదు. రాసిన తేదీ ఏ అకౌంట్‌లోకి పోయిందో ఫోన్ గట్టిగా చెప్పకపోవడమే అసలు చిక్కు.

తెర మీద ఒక్క క్యాలెండరే కనిపించినా లోపల రెండు మూడు ఉంటాయి. ఒకటి ఫోన్‌లోనే ఉండిపోయేది, ఒకటి ఫోన్ కంపెనీ అకౌంట్‌ది, ఇంకొకటి జీమెయిల్‌ది. కొత్త తేదీ రాసేటప్పుడు పేరు కింద చిన్న అక్షరాల్లో ఆ క్యాలెండర్ పేరు ఉంటుంది. అక్కడ ‘ఫోన్’ అనో ‘మై క్యాలెండర్’ అనో ఉంటే ఆ తేదీ ఆ ఫోన్ దాటి బయటికి రాదు. ఫోన్ రీసెట్ చేసిన రోజున అది కూడా పోతుంది. ఆ పేరు మీద నొక్కి జీమెయిల్ అడ్రస్ ఎంచుకుంటేనే కంప్యూటర్‌కు చేరుతుంది.

దోషం ఎటువైపు ఉందో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, అదే జీమెయిల్‌తో గూగుల్ క్యాలెండర్ సైట్‌లోకి వెళ్లాలి. ఫోన్‌లో ఒక కొత్త తేదీ రాసి రెండు నిమిషాలు ఆగాలి. అది బ్రౌజర్‌లో కనిపిస్తే ఫోన్ బాగున్నట్టే, వెతకాల్సింది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను. కనిపించకపోతే అసలు కంప్యూటర్ జోలికే పోవద్దు. ఈ ఒక్క పని చేయకుండా రెండు వైపులా సెట్టింగ్స్ కెలకడం వల్లే చిన్న దోషం పెద్దదవుతోంది.

ఫోన్ వైపు ముందు చూడాల్సింది, రెండు చోట్లా ఉన్నది ఒకే జీమెయిలా అని. కొత్త ఫోన్ అమ్మేటప్పుడు షాపులో అప్పటికప్పుడు కొత్త జీమెయిల్ తెరిచి ఇస్తారు, ఆఫీసు కంప్యూటర్‌లో పాతది నడుస్తుంటుంది. అప్పుడు ఏ సెట్టింగ్ మార్చినా ఫలితం ఉండదు, పాత అకౌంట్‌ను ఫోన్‌లో కలుపుకోవాల్సిందే. అకౌంట్ ఒకటే అయితే సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో గూగుల్, ఆపైన అకౌంట్ సింక్ (తేదీలు అటూ ఇటూ తమంతట తామే చేరే ఏర్పాటు) తెరిచి ‘క్యాలెండర్’ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. తర్వాత గూగుల్ క్యాలెండర్ యాప్ సెట్టింగ్స్‌లో ఆ క్యాలెండర్ పేరు నొక్కితే అక్కడ ఇంకో సింక్ బటన్ ఉంటుంది, అదీ ఆన్‌లో ఉండాలి. బ్యాటరీ సేవర్, డేటా సేవర్ పెట్టి ఉంటే యాప్ తెరిచినప్పుడే తేదీలు కదులుతాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో యాప్ తనంతట తానే నడవడానికి ‘ఆటోస్టార్ట్’ అనుమతి కూడా ఇవ్వాలి.

కంప్యూటర్ వైపు ఎక్కువ గొడవ పాత అవుట్‌లుక్‌తో, అంటే ఉత్తరాలు, తేదీలు చూసుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌తో. అందులో జీమెయిల్‌ను ఐమ్యాప్ అనే, ఉత్తరాల కోసమే ఉన్న పద్ధతిలో కలిపితే ఉత్తరాలే వస్తాయి, క్యాలెండర్ రాదు. అక్కడ రాసిన తేదీలు ఆ కంప్యూటర్‌లోని ఫైల్‌లోనే ఉండిపోతాయి. అవుట్‌లుక్‌ను, గూగుల్ క్యాలెండర్‌ను కలపడానికి గూగుల్ ఇచ్చిన పాత సాఫ్ట్‌వేర్ 2014 ఆగస్టు 1తోనే ఆగిపోయింది. విండోస్‌తో వచ్చిన మెయిల్, క్యాలెండర్ యాప్‌లకు 2024 డిసెంబర్ 31తో మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పింది. గూగుల్ ఇచ్చే ‘రహస్య ఐక్యాల్ అడ్రస్’ (మన క్యాలెండర్ లింకు)ను అవుట్‌లుక్‌లో పెడితే తేదీలు చూడటానికే వస్తాయి, అక్కడ మార్చడానికి వీలుండదు. తేదీల ఫైల్‌ను తెచ్చి క్యాలెండర్‌లో ఎక్కించే ఇంపోర్ట్ అంటే సింక్ కాదు, అది ఆ క్షణానికి తీసిన నకలు మాత్రమే. పట్టికలా ఉండే సీఎస్‌వీ ఫైల్‌ను రెండోసారి ఇంపోర్ట్ చేస్తే ప్రతి వాయిదా రెండేసి కనిపిస్తుంది. క్యాలెండర్ల కోసమే ఉన్న ఐసీఎస్ ఫైల్‌లో ఒక్కో తేదీకి ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, సీఎస్‌వీలో అది లేకపోవడమే కారణం.

మా సలహా అడిగితే, చిన్న ఆఫీసుకు బ్రౌజర్‌లోని గూగుల్ క్యాలెండర్ చాలు. వేరే సాఫ్ట్‌వేర్ కావాలంటే ఉచితంగా దొరికే థండర్‌బర్డ్‌లో గానీ, కొత్త అవుట్‌లుక్‌లో గానీ గూగుల్ అకౌంట్ కలిపితే అటూ ఇటూ రెండు వైపులా మార్పులు చేరతాయి. రెండు మూడు సింక్ యాప్‌లు ఒకేసారి పెట్టుకోవద్దు.

టైమ్ జోన్ (గడియారం ఏ ప్రాంతపు సమయం ప్రకారం నడవాలో చెప్పే సెట్టింగ్) సంగతి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే దీనివల్ల నష్టపోయేవాళ్లకు కారణం దొరకదు. కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్లలో చాలావాటికి అమెరికా పసిఫిక్ జోన్ అలాగే ఉండిపోతుంది. గడియారం తప్పుగా ఉందని ముల్లు మాత్రం చేత్తో సరిచేస్తారు, జోన్ మార్చరు. గడియారం సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చలికాలంలో అలాంటి కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌లో గుమాస్తా ఉదయం 10:30 అని రాస్తే ఫోన్‌లో అది అర్ధరాత్రి 12 గంటలకు, మరుసటి రోజు తేదీ మీద పడుతుంది. వాయిదా ఒక రోజు తప్పిపోయినట్టే. ఫోన్‌లో రాసిన 10:30 కంప్యూటర్‌లో ముందు రోజు రాత్రి 9 గంటలకు కనిపిస్తుంది. అక్కడి వేసవి సమయం నడిచే నెలల్లో ఈ తేడా ఒక గంట మారుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’ తెరిచి, జోన్‌గా చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న ప్లస్ 5:30 ఎంచుకోవాలి. జోన్ మార్చినంత మాత్రాన అంతకుముందు తప్పుగా రాసినవి సరికావు, వాటిని ఒక్కొక్కటిగా దిద్దుకోవాలి.

తిథి ప్రకారం వచ్చే పండుగలకు ‘రిపీట్’ పెట్టడం కూడా తప్పే. మేడారం జాతర 2024లో ఫిబ్రవరి 21న మొదలైంది, 2026లో జనవరి 28న. రెండేళ్లకోసారి అని రిపీట్ పెట్టుకున్న బండ్లవాళ్లకు, టెంట్ల వాళ్లకు జాతర అయిపోయిన మూడు వారాలకు ఫోన్ మోగుతుంది. బతుకమ్మ, దసరా కూడా ఏటా పంచాంగం చూసి చేత్తో రాసుకోవాల్సినవే.

ఏది దిద్దే ముందైనా కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ‘ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్’కు వెళ్లి ఒక జిప్ ఫైల్ దించి పెట్టుకోవాలి. రెండేసి పడినవాటిని తుడిచేటప్పుడు జాగ్రత్త, ఒకచోట తుడిస్తే అన్నిచోట్లా పోతుంది. పొరపాటున పోయినవి గూగుల్ ట్రాష్‌లో సుమారు 30 రోజులు ఉంటాయి, ఆలోపు వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఫోన్ కంపెనీలను మేము కోరేది ఇదే. మొదటి తేదీ రాసినప్పుడే ‘ఇది ఈ ఫోన్‌లోనే ఉంటుంది, కంప్యూటర్‌కు చేరదు’ అని తెలుగులో, కంటికి కనిపించే అక్షరాల్లో చెప్పాలి. వాయిదా తప్పితే కక్షిదారుకు కలిగే నష్టం చిన్నది కాదు. ఫోన్లు అమ్మే షాపుల వాళ్లు కొత్త జీమెయిల్ తెరిచే ముందు పాతది ఉందా అని అడగాలి. లేకపోతే, తెరిచిన అడ్రస్‌ను, రికవరీకి ఇచ్చిన నంబర్ ఎవరిదో బిల్లు వెనుక రాసి ఇవ్వాలి.

– కంప్యూటర్, ఫోన్ సర్వీసింగ్ పనివాళ్లు, హన్మకొండ