ఉప్పుటేరులోకి పోయే ముందు పోటు వేళ చూడండి

సంపాదకుడు గారికి,

లక్నవరం వంటి చెరువుల్లో పడవ నడపడం అలవాటైన వరంగల్, ములుగు వైపు వాళ్లు సెలవులకు కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకు పోతున్నారు. రైలు టైము చూసుకుంటారు గానీ పోటు వేళ చూసుకోరు. చెరువు నీళ్లు పొద్దున ఎట్లుంటే సాయంత్రమూ అట్లనే ఉంటాయి. ఆ మడ అడవుల్లోని ఉప్పుటేరులో సముద్రపు పోటుకు నీరు ఆరుంబావు గంటలు ఎక్కుతుంది, దాదాపు అంతసేపూ దిగుతుంది. ఈ రోజు 8 గంటలకు నిండిన పోటు రేపు 8.50 ప్రాంతాన నిండుతుంది. వారం తిరిగేసరికి ఆరు గంటలు జరుగుతుంది. అందుకే పోయిన ఆదివారం వెళ్లొచ్చిన వాళ్ల మాట నమ్మి ఈ ఆదివారం అదే టైముకు పోతే బురదే ఎదురవుతుంది!

పోటు వేళలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం) వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అయితే కాకినాడ వేళలు రేవుకు వర్తిస్తాయి. పాయ లోపలికి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది, ఎంత ఆలస్యమో అక్కడి మత్స్యకారులనే అడగాలి. గోడ క్యాలెండరూ పనికొస్తుంది: అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు పెద్దది, అష్టమి దాటాక చిన్నది.

నీరు ఒకే వేగంతో దిగదు. మొత్తాన్ని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒకటి, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఆ తర్వాత రెండు, ఒకటి. నిండిన నీటికీ, దిగిన నీటికీ తేడా మీటరున్నర ఉన్న రోజు నడిమి రెండు గంటల్లోనే 75 సెంటీమీటర్లు పోతుంది. రెండడుగుల లోతు కావలసిన మోటారు పడవకు దారి మూసుకుపోవడానికి అది చాలు.

కాబట్టి పోటు సగం ఎక్కాక లోపలికి పోయి, నిండడానికి అరగంట ముందే వెనక్కి తిరగాలి. ఎక్కే నీటిలో మేటకు (నీటి కింది బురద దిబ్బకు) తగిలితే కాసేపు ఆగండి, నీరే లేపుతుంది. దిగే నీటిలో తగిలితే మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే. పెద్ద పోటు నిండిన వేళ ఒడ్డెక్కిన పడవ సంగతి మరీ కష్టం; తర్వాతి పోట్లు అంత ఎత్తు రాక రోజుల తరబడి ఇరుక్కోవచ్చు.

వంపుల దగ్గర బయటి ఒడ్డు వెంట పోవాలి, లోతు అక్కడే. లోపలి మూల అడ్డంగా కోసుకుపోవడం చెరువు అలవాటు, ఇక్కడ నేరుగా మేట మీదికి తీసుకుపోతుంది. ముందు భాగం తగిలితే మనుషులు వెనక్కి జరిగి, మోటారు కొంచెం పైకెత్తి, గెడకర్రతో నెట్టాలి. దిగి తోయొద్దు. బురద తొడల దాకా లాగుతుంది, మడ వేర్లు, ఆల్చిప్పలు కాళ్లు కోస్తాయి. మోటారును చల్లబరిచి బయటికి పడే నీటి ధార సన్నబడితే బురద పట్టిందన్నమాట, వెంటనే ఆపాలి. పోటు మీద తాడు కురచగా కట్టినా ప్రమాదమే, నీరు దిగాక పడవ వేలాడుతుంది.

జులై, ఆగస్టుల్లో కాళేశ్వరం దగ్గర పొంగిన గోదావరి చివరికి అటే చేరుతుంది. వరద రోజుల్లో పోటు వేళల పట్టిక లెక్క తప్పుతుంది, దిగే నీటి లాగుడూ పెరుగుతుంది. లైఫ్ జాకెట్, అటవీశాఖ అనుమతి ఎప్పుడైనా తప్పనిసరి.

మీ పర్యాటక పేజీలో కోరింగ గురించి రాసినప్పుడల్లా ఆ శని, ఆదివారాల కాకినాడ పోటు వేళలు, తిథి కూడా వేయాలని మనవి. రెండు వరుసలు చాలు.

– పడవ ప్రయాణాల పాఠకులు, హనుమకొండ