అమ్మో నాన్నో పోయిన పిల్లల భయం గురించి వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో టీచర్‌ని. చిన్నతనంలోనే తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లల గురించి మీతో చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా దగ్గర ఏ క్లాసులో చూసినా అలాంటి పిల్లలుంటారు. 65వ నంబరు హైవే మీద యాక్సిడెంట్లు, అప్పులకు తాళలేక తాగిన పురుగుల మందు, సారా, కరోనా. పోయింది రైతయితే వ్యవసాయ విస్తరణాధికారి ఇంటికొచ్చి డెత్ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు తీసుకుంటారు. 2018లో మొదలైన రైతుబీమా కింద ఐదు లక్షలు నామినీ ఖాతాలో పడతాయి. ఎన్నో ఇళ్లను నిలబెట్టిన పథకం అది. కానీ గడప దగ్గర నిలబడ్డ పిల్లను "రాత్రి నిద్ర పడుతుందా బిడ్డా" అని అడిగేవాళ్లెవరూ రారు.

నా క్లాసులో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరున్నారు. నాన్న లేడు, అమ్మ పత్తి ఏరడానికి ఆటోలో వెళ్తుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే "మేడం, ఒక్కసారి ఫోన్" అంటూ వస్తుంది. అమ్మ ఎత్తితే గొంతు విని పెట్టేస్తుంది. ఎత్తకపోతే చేతులు చల్లబడతాయి, ఊపిరాడదు, గుండె పట్టుకుని కూలబడుతుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించాడు. ఈసీజీ తీస్తే ఏమీ లేదన్నారు. ఉన్న ఒక్క అమ్మ కూడా పోతుందేమోనన్న భయం ఈసీజీలో కనబడదు కదా సార్.

ఈ భయం వయసుతో పాటు దానంతటదే పోతుందనుకోవద్దు. అమెరికాలో మానసిక వైద్యుడు కెన్నెత్ కెండ్లర్ బృందం వెయ్యికి పైగా ఆడ కవలల జంటలను పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించింది. 17 ఏళ్లలోపు తల్లిదండ్రుల మరణం చూసినవాళ్లలో పెద్దయ్యాక పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం), ఫోబియాలు ఎక్కువగా కనిపించాయి. అందరికీ వస్తుందని కాదు. పోయినవాళ్ల తర్వాత ఆ పిల్లను ఎవరు ఎలా చూసుకున్నారన్నది చాలా ముఖ్యం. అమెరికాలోనే అరిజోనా రాష్ట్రంలో ఇలాంటి పిల్లలతో పాటు మిగిలిన తల్లికో తండ్రికో కూడా కొన్ని వారాల కౌన్సెలింగ్ ఇచ్చారు. పదిహేనేళ్ల తర్వాత చూసినా ఆ పిల్లల్లో డిప్రెషన్ తక్కువగా ఉంది.

మన దగ్గర నాన్న పోయిన ఏడాదే పిల్లను గురుకులంలో వేస్తారు. కూలి చేసుకునే తల్లికి వేరే దారి లేదు, తిండికీ చదువుకూ లోటుండదు. కానీ ఆ పిల్లకు నాన్న పోయిన వెంటనే అమ్మ కూడా దూరమవుతుంది. ఈ సంగతి నన్ను చాలా బాధపెడుతుంది. 2022 నుంచి మానసిక సమస్యలకు టెలిమానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. హాస్టల్ పిల్ల చేతిలో ఫోనేది?

అందుకే అడుగుతున్నాను. బీమా క్లెయిమ్ కాగితాలు తీసుకున్న రోజే ఆ ఇంట్లోని పిల్లల పేర్లు పీహెచ్‌సీకి చేరాలి. ఏఎన్ఎమ్మో ఆశా కార్యకర్తో ఇంటికి వెళ్లి ఒక గంట కూర్చోవాలి, కొన్నాళ్లకు మళ్లీ వెళ్లాలి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల సైకియాట్రీ డాక్టర్లు గురుకులాల నర్సులకు, వార్డెన్లకు ఈ లక్షణాలు గుర్తుపట్టడం నేర్పాలి. వ్యవసాయం ఒక శాఖ, గురుకులాలు ఇంకో శాఖ. వాళ్లను కూర్చోబెట్టే చొరవ మీరే తీసుకోవాలి.

ఇదంతా జరగడానికి టైం పడుతుంది. ఈలోగా, అమ్మో నాన్నో లేని పిల్లలు రోజూ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసుకునేలా గురుకులాలకు ఒక సర్క్యులర్ ఇప్పించండి. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
నల్లగొండ జిల్లా నుంచి ఒక టీచర్