బండిని బాగుచేసుకోవడం వేరు, చప్పుడు పెంచడం వేరు

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. మోటారు సైకిళ్ళ సైలెన్సర్లను ఊడదీయించి రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు మన రాష్ట్రంలోని పట్టణాల నుంచి తరచుగా పత్రికల్లో వస్తున్నాయి. ఆ చర్యను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. రాత్రి పది దాటాక ఏడు రోడ్ల కూడలి వైపు నుంచి టపాకాయలు పేలినట్టు చప్పుడు చేసుకుంటూ పోయే బండ్ల వల్ల పసిపిల్లలు ఉలిక్కిపడి లేవడం మా వీధిలో అందరికీ అనుభవమే. అయితే అలాంటి వార్తల్లో "మార్పులు చేసిన బండ్లు" అనే ఒక్క మాటతో అందరినీ ఒకే గాటన కట్టేస్తున్నందువల్ల, పాత బండిని ఇంటి దగ్గరే ఓపికగా, ఏడాదికొక పని చొప్పున మెరుగుపరచుకునేవారు కూడా తప్పు చేసినవారిగా కనిపిస్తున్నారు. ఆ తేడాను మీ పాఠకుల ముందు, రవాణా శాఖ అధికారుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా నాన్నగారు పశువుల ఆసుపత్రిలో పనిచేస్తూ పల్లెలు తిరగడానికి 1979లో ఒక బుల్లెట్ 350 కొన్నారు. దాని ఇంజను 346 సీసీ. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 90 మిల్లీమీటర్లు. బోరు కన్నా స్ట్రోకు ఇంత పొడవు కాబట్టే నిదానంగా తిరుగుతూ కూడా బరువు లాగుతుంది. ఆయన తరువాత బండి నా చేతికి వచ్చింది. నేను ఐటీఐలో ఫిట్టర్ విభాగం బోధకుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. కడప బండలు పరిచిన మా వసారాలో పదిహేనేళ్ళుగా ఆదివారాలు ఈ బండితో గడిపాను. దాని నట్లలో చాలావాటికి మామూలు మిల్లీమీటరు స్పానర్లు పట్టవు, పాత బ్రిటిష్ కొలతల స్పానర్లు కావాలి. ఆ సెట్టు సంపాదించడానికే నాకు ఒక సంవత్సరం పట్టింది. సరిపడని స్పానరుతో నట్ల మూలలు అరగదీసిన పాత బుల్లెట్లను చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

మొదట చేసిన పని బ్రేకు. కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. అక్కడి పాలకోవా ఎంత ప్రసిద్ధమో, ఆ మలుపుల్లో జరిగే ప్రమాదాలు కూడా అంతే పేరు పడ్డాయి. మా బండికి వచ్చిన ముందు బ్రేకు 6 అంగుళాల చిన్న డ్రమ్ము. అందులో డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకునే షూలు, అంటే బ్రేకు పట్టీలు, రెండు ఉంటాయి. వాటిలో ఒక షూ మాత్రమే చక్రం తిరిగే దిశలో ఒరుసుకొని తనంతట తాను బిగుసుకుంటుంది. రెండోది వెనక్కి నెట్టబడుతూ ఉంటుంది కాబట్టి దాని పట్టు తక్కువ. ఘాటు దిగేటప్పుడు లివరు హ్యాండిలుకు తగిలేదాకా నొక్కినా బండి ఆగేది కాదు. అదే కంపెనీ తర్వాతి కాలపు బుల్లెట్లకు బిగించిన 7 అంగుళాల డ్రమ్మును, దానికి సరిపడే ఫోర్కు గొట్టంతో సహా సంపాదించి బిగించాను. ఇందులో షూలను డ్రమ్ము మీదికి నెట్టే క్యాములు రెండు ఉంటాయి, రెండు షూలూ తిరిగే దిశలోనే పట్టుకుంటాయి. అయితే ఆ రెండు క్యాములను కలిపే కడ్డీ పొడవును సరిచేసి, షూలు రెండూ ఒకే క్షణంలో డ్రమ్మును తాకేలా చూడాలి. లేకపోతే పెద్ద బ్రేకు వేసినా చిన్న బ్రేకుతో సమానమే. దీనికొక లోపమూ ఉంది, దానిని దాచకూడదు. ఎత్తు మీద ఆగినప్పుడు బండి వెనక్కి జారితే ఈ బ్రేకు పట్టు బాగా తగ్గుతుంది, వెనుక బ్రేకును తప్పనిసరిగా తొక్కి ఉంచాలి. బిగించినవాడు ఈ సంగతి తెలుసుకోకుండా ఘాటు ఎక్కకూడదు.

తరువాతి పని విద్యుత్తు. ఆ రోజుల బుల్లెట్లు 6 వోల్టులవి. చీకటిపడ్డాక రోడ్డు మీది గుంత దగ్గరికి వచ్చేదాకా కనిపించేది కాదు. 12 వోల్టులకు మార్చడమంటే బల్బు మార్చడం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. ఆల్టర్నేటర్ స్టేటరు, రెక్టిఫైయరు, బ్యాటరీ, ఇగ్నిషన్ కాయిలు, హారను, బల్బులు అన్నీ మారాలి. ఒకే వాటేజీకి వోల్టేజి రెట్టింపయితే కరెంటు సగమవుతుంది, తీగల్లో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. నలభై ఏళ్ళ నాటి స్విచ్చుల మీద భారమూ తగ్గుతుంది. నేను 35 వాట్ల హాలోజన్ బల్బుతో ఆగాను. 100 వాట్లది వేస్తే బ్యాటరీ దిగిపోతుంది, అంతకన్నా ముఖ్యంగా ఎదురుగా వచ్చేవారి కళ్ళు చెదిరిపోతాయి. రాత్రిపూట ఎదుటి గోడ మీద సుద్దతో గీత గీసి, తగ్గించిన వెలుగు ఆ గీత దాటి పైకి పోకుండా దీపాన్ని సర్దాను. ఈ చిన్న పని ఖర్చు లేనిది, అయినా మన ఊళ్ళో ఎక్కువ మంది చేయడం లేదు. అప్పుడే ఇండికేటర్లు కూడా అమర్చాను.

మార్చనివి కూడా చెప్పాలి. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉన్నది ఉన్నట్టే ఉంచాను. టైర్లు 19 అంగుళాల చక్రాలకు వచ్చిన పాత కొలతవే వేస్తున్నాను. సైలెన్సరులో చప్పుడును తగ్గించే జాలీ తీయలేదు. బుల్లెట్ గుండె చప్పుడు అని మురిసిపోయే ఆ నిదానమైన శబ్దం జాలీ ఉండగానే వినిపిస్తుంది. అది తీస్తే వచ్చేది వట్టి మోత. మద్రాసు తిరువొత్తియూరు కర్మాగారంలో ఈ బండ్ల ట్యాంకుల మీది బంగారు గీతలను చేత్తోనే గీసేవారు. నలుపు రంగు వెలిసిపోయినప్పుడు అదే నలుపు వేయించి, సినిమా బ్యానర్లు రాసిన అనుభవమున్న ఒక పెయింటరు గారి చేత ఆ గీతలను మళ్ళీ గీయించాను. ఆయన ఊపిరి బిగబట్టి ఒక్క విసురులో గీసిన ఆ గీతను ఇంటికి వచ్చినవారందరికీ చూపిస్తుంటాను.

ఇక చట్టం విషయం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను వివరణ ప్రకారం, వాహన నిర్మాణంలో దాని మౌలిక లక్షణాన్ని మార్చే మార్పే "ఆల్టరేషన్". కంపెనీ నిర్దేశించి ఆర్సీలో నమోదైన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే సంవత్సరం జరిగిన సవరణతో చేర్చిన 182-ఎ సెక్షను కింద అనుమతించని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చు. శబ్ద కాలుష్యానికి 190వ సెక్షను కింద 10,000 రూపాయల వరకు జరిమానా వేరే ఉంది. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు తయారీ దశలో శబ్ద పరిమితి 80 డెసిబెళ్ళు. ఇవన్నీ అవసరమైన నిబంధనలే, వాటిని సడలించమని నేను అడగడం లేదు.

నా ఇబ్బంది మరొకటి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 2024లో నేను వెళ్ళినప్పుడు ఒక కార్యాలయంలో ఒక అధికారి ముందు బ్రేకు మార్చడం ఆల్టరేషన్ కిందికే వస్తుందని, అదే కంపెనీ విడిభాగం కాబట్టి అది మరమ్మతు మాత్రమేనని ఇంకొక అధికారి అన్నారు. మూడుసార్లు తిరిగాక పని అయింది. వారిద్దరూ మర్యాదగానే మాట్లాడారు. చేతిలో స్పష్టమైన పట్టిక లేకపోవడమే వారి కష్టం, నా కష్టం కూడా. చదువుకుని, పనిముట్లు పట్టిన నాకే ఇంత సందేహం మిగిలితే, కొత్తగా రెట్రో తరహా, అంటే పాతకాలపు రూపంలో వచ్చే, బండి కొని దానికి అద్దాలు, సీటు, దీపాలు మార్చుకోవాలనుకునే కుర్రవాడికి ఎవరు చెప్పాలి? దుకాణదారు చెప్పిందే అతనికి చట్టం అవుతోంది, ఆ దుకాణంలో మొదట చూపించేది మోత మోగించే సైలెన్సరే.

కాబట్టి ఏ మార్పుకు అనుమతి అక్కరలేదో, దేనిని ఆర్సీలో నమోదు చేయించాలో, ఏది పూర్తిగా నిషిద్ధమో తెలుగులో, విడిభాగాల పేర్లతో సహా ఒక పట్టిక తయారుచేసి ప్రతి రవాణా కార్యాలయం గోడ మీద అంటించాలని రవాణా శాఖను కోరుతున్నాను. సెలవు రోజుల్లో ఐటీఐ షెడ్లు ఖాళీగానే ఉంటాయి. అక్కడ బ్రేకు సర్దడం, ఇగ్నిషన్ పాయింట్ల మధ్య గ్యాపు చూడడం, దీపం ఎత్తు సరిచేయడం కుర్రవాళ్ళకు నేర్పే అవకాశం కల్పిస్తే, జీతం తీసుకోకుండా నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నా పనిముట్లు కూడా నేనే తెచ్చుకుంటాను. మా బండి పునరుద్ధరణ మళ్ళీ 2029లో రావాలి. ఆ పట్టిక అప్పటికైనా గోడ మీద ఉంటుందని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ బోధకుడు,
కడప