పరీక్ష తెలుగులో పెట్టారు, పుస్తకం ఏది సారూ? కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్ల కోసం పెట్టే ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మీ శాఖ చేతిలోని పరీక్షే కాబట్టి నేరుగా విషయానికే వస్తాను. తెలుగు మీడియంలో ఇంటర్ చదివిన పిల్ల ఈ పరీక్షను తెలుగులో రాయొచ్చు. మీరిచ్చిన 13 భాషల్లో మాదీ ఒకటి. సంతోషం. కానీ ఆ పరీక్షకు చదవాల్సిన పుస్తకం మాత్రం తెలుగులో లేదు. కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వేసిన 12వ తరగతి పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, హిందీలో ఉన్నాయి, ఉర్దూలో ఉన్నాయి. అక్కడితో సరి.

ఈ సంగతి ఇంతకుముందే రాశాం. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, ఆన్‌లైన్లోనూ పెట్టాం. ఒకదానికి మాత్రం 'పరిష్కరించబడింది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారా అని ఆశగా తెరిచి చూస్తే, ఫిర్యాదును మూసేశారు, అంతే. అలాంటి పరిష్కారం ఇంకోసారి వద్దు కాబట్టి ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2022లో ఈ పరీక్ష మొదలైనప్పుడు అప్పటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) అధ్యక్షులు ఒక మాట చెప్పారు. దీనికి కోచింగ్ అక్కర్లేదు, 12వ తరగతి సిలబస్ చదువుకుంటే చాలు అన్నారు. ఆ మాట నమ్మి మా పిల్లలకు నేనే చెప్పాను, మీ పుస్తకాలు బాగా చదవండి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయినా ఢిల్లీ అయినా మీకు నచ్చినచోట చేరొచ్చు అని. తర్వాత సిలబస్ చూస్తే తెలిసింది, ఆయన చెప్పిన 12వ తరగతి వేరు, మా పిల్లలు చదివే 12వ తరగతి వేరు.

నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో హెచ్ఈసీ (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్), సీఈసీ (కామర్స్, ఎకనామిక్స్, సివిక్స్) గ్రూపులకు సివిక్స్, అంటే రాజనీతిశాస్త్రం, చెబుతాను. మా దగ్గర రెండో సంవత్సరం సివిక్స్ అంటే భారత రాజ్యాంగం, ప్రాథమిక హక్కులు, కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం, స్థానిక సంస్థలు, ఎన్నికలు. తెలుగు అకాడమీ పుస్తకం పట్టుకుని ఏడాది పొడుగునా కూర్చుని చదువుతారు. మా పిల్లల్ని అర్ధరాత్రి లేపి అడిగినా రాష్ట్రపతి ఎన్నిక పద్ధతి తడుముకోకుండా చెబుతారు. ఎన్‌సీఈఆర్‌టీలో ఈ రాజ్యాంగం పాఠాలన్నీ 11వ తరగతికి ఇచ్చారు. సీయూఈటీ అడిగేదేమో 12వ తరగతి రాజనీతిశాస్త్రం పుస్తకాలు రెండింటిలోంచి. మొదటి పుస్తకంలో సోవియట్ యూనియన్ పతనం ఉంటుంది, యూరోపియన్ యూనియన్, ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్, చైనా ఎదుగుదల, ఐక్యరాజ్యసమితి, ప్రపంచీకరణ ఉంటాయి. రెండో పుస్తకంలో దేశ విభజన, ప్రణాళికలు, కాంగ్రెస్ ఆధిపత్యం, ఎమర్జెన్సీ, ప్రాంతీయ ఉద్యమాలు ఉంటాయి. మంచి పాఠాలే. నిజానికి మా సిలబస్‌లో ఇవి ఇంకా ఎక్కువ ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది. కానీ ఒక పిల్ల రెండేళ్ళు చదివింది ఒకటీ, పరీక్షలో వచ్చింది మరొకటీ అయితే దాన్ని అర్హత పరీక్ష అని ఎలా అనమంటారు?

ఆ రెండో పుస్తకం మొదటి పాఠంలో ఏముందో మీ అధికారుల్ని ఒక్కసారి అడగండి. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన కథ ఉంది. పొట్టి శ్రీరాములు గారి ఆమరణ దీక్ష ఉంది, 1952 డిసెంబరులో ఆయన ప్రాణం పోవడం, ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు, అక్కణ్ణుంచి భాషా ప్రాతిపదికన రాష్ట్రాల పునర్విభజన, అన్నీ ఉన్నాయి. తెలుగువాళ్ళకు తెలుగు రాష్ట్రం ఎలా వచ్చిందో ఇంగ్లీషులో చదవొచ్చు, హిందీలో చదవొచ్చు, ఉర్దూలో చదవొచ్చు. తెలుగులో మాత్రం చదవడానికి లేదు. కావాలని చేశారని నేను అనను. ఎవరికీ తట్టలేదు, అంతే. తట్టకపోవడమే ఎక్కువ బాధ.

కామర్స్ సంగతి మా సహోద్యోగి చెబుతారు. ఇంటర్‌లో కామర్స్ ఒకటే పేపరు, సగం వాణిజ్యం, సగం అకౌంట్స్. మీ పరీక్షలో అకౌంటెన్సీ వేరు, బిజినెస్ స్టడీస్ వేరు. సగం చదివినవాడు రెండు పూర్తి పేపర్లు రాయాలన్నమాట. ఎకనామిక్స్ ఆవిడది ఇంకో గోడు, అది రాయబోతే ఈ లేఖ తెమలదు.

ఇక టైము. 2025 సంగతే తీసుకోండి. మా ఇంటర్ పరీక్షలు మార్చి చివరి వారం దాకా జరిగాయి. మీ పరీక్ష మే 13న మొదలైంది. మధ్యలో ఉన్నది ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లో ఎన్నడూ చూడని పుస్తకాలు, రాని భాషలో, చెప్పేవాళ్ళు లేకుండా చదవాలి. ఎండాకాలం సెలవుల్లో మా పిల్లల్లో సగం మంది పనికి పోతారన్న సంగతి అలా ఉంచండి. సబ్జెక్టుకు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు ఒకటి కోత. మొదట్లో కొన్ని ప్రశ్నలు వదిలేసుకునే వీలైనా ఉండేది, 2025లో దాన్నీ తీసేసి అన్నీ తప్పనిసరి చేశారు. పాఠమే చూడనివాడికి ఈ వీలు ఎంత ఆసరాగా ఉండేదో మీకు చెప్పినవాళ్ళు ఎవరూ లేనట్టున్నారు.

పుస్తకాలు వెబ్‌సైట్లో ఉచితంగానే ఉన్నాయి కదా అని మీ కింది అధికారి ఒకరు ఎప్పుడో ఒక సభలో అనగా విన్నాను. ఉన్నాయి సార్. ఉచితంగానే ఉన్నాయి. మా పిల్లలు ఆ పీడీఎఫ్‌లు దించుకుని, ఫోను కెమెరా పెట్టి అనువాదం చేయించుకుంటారు. వచ్చిన తెలుగు చదివితే పేరాకు ఒక పొడుపుకథ. ఒక్కో పేజీ అర్థం చేసుకోవడానికే పూట గడిచిపోతుంది. అదే టైములో హిందీ మీడియం పిల్లవాడు రెండు పాఠాలు పూర్తిచేసి, మళ్ళీ ఒకసారి తిరగేస్తాడు. వాడిమీద నాకు ఈర్ష్య లేదు, వాడికి దొరికింది మా వాళ్ళకూ దొరకాలనే అంటున్నాను.

అందుకే కొన్ని పాఠాలు మేమే రాత్రిళ్ళు కూర్చుని తెలుగు చేస్తున్నాం. చేత్తో రాసి, జిరాక్సు తీసి పంచుతున్నాం. ఇది ఎన్‌సీఈఆర్‌టీ కాపీరైటుకు విరుద్ధమని ఎవరైనా నోటీసు ఇవ్వొచ్చు. ఇవ్వండి, భయం లేదు. కనీసం ఆ ఫైల్లోనైనా ఈ పుస్తకానికి తెలుగు అనువాదం ఒకటి ఉందని ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతుంది.

అన్నట్టు, ప్రశ్న అనువాదంలో ఏదైనా సందిగ్ధం ఉంటే ఇంగ్లీషు ప్రశ్నే చివరి మాట అని మీ సమాచార పత్రంలో ఒక నిబంధన ఉంది. అంటే ప్రశ్న తెలుగులో, పాఠం ఇంగ్లీషులో, తీర్పు కూడా ఇంగ్లీషులో. తెలుగుకు మిగిలింది ఏమిటో మీరే చెప్పాలి.

ఇప్పుడు మీ హామీలు. నేను కల్పించి చెప్పడం లేదు, అన్నీ మీ ప్రభుత్వం చెప్పినవే. 2020 జాతీయ విద్యావిధానం మాతృభాషలో చదువు అంది. 2023 జూలైలో సీబీఎస్ఈ తన పాఠశాలలకు భారతీయ భాషల్లో బోధించుకోవచ్చని సర్క్యులర్ ఇచ్చింది, 22 భాషల్లో పాఠ్యపుస్తకాలు తెస్తామన్న మాట కూడా అప్పుడే వినిపించింది. 2024 జనవరిలో బడి నుంచి ఉన్నత విద్య దాకా అన్ని కోర్సుల సామగ్రినీ మూడేళ్ళలో భారతీయ భాషల్లో డిజిటల్‌గా అందుబాటులోకి తేవాలని కేంద్రం ఆదేశించింది. 2025 బడ్జెట్లో భారతీయ భాషా పుస్తక్ పథకం ప్రకటించారు. ప్రకటన వచ్చిన ప్రతిసారీ పేపరు కట్ చేసి స్టాఫ్ రూమ్ నోటీసు బోర్డుకు అంటించాను. ఇప్పుడు ఆ బోర్డు మీద పరీక్షల టైమ్ టేబుల్ పెట్టడానికి చోటు లేదు. పథకాలకు కొదవ లేదు మంత్రి గారూ, పుస్తకాలకే వచ్చింది కొదవ. దేశంలోని సమస్త చదువునూ సమస్త భాషల్లోకి తెచ్చే మహా కార్యక్రమం కొనసాగుతున్నప్పుడు, పరీక్ష పెడుతున్న నాలుగైదు సబ్జెక్టుల పుస్తకాలు ముందు తేవాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం విచిత్రం.

ఇది మీ రాష్ట్ర ఇంటర్ బోర్డు సిలబస్ సమస్య, అక్కడ అడగండి అంటారేమో. అక్కడా అడిగాం. పరీక్ష కేంద్రానిది, కేంద్రాన్ని అడగండి అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే కావచ్చు. ఇద్దరి నిజాల మధ్యా పిల్లల రెండేళ్ళ చదువు పోతోంది. ఇంగ్లీషు మీడియంలో చేర్చండి అని మరో సలహా. పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లను ఇంటర్‌లో నేను ఏ మీడియంలోకి తోయాలి? మాతృభాష గొప్పదని మీరు వేదికల మీద చెబుతుంటే, ఆ మాట విని తెలుగులోనే ఉండిపోయిన పిల్లలు వీళ్ళు. మీ మాట వినడమే వాళ్ళకు నష్టమైతే మేం ఇంకెవరి మాట వినాలి?

హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఎందుకు పుట్టిందో మీకు గుర్తుచేయడం పెద్దరికం చేయడం అవుతుంది, అయినా చెప్పక తప్పదు. ప్రాంతీయ ఉద్యమాల తర్వాత 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకంలో అదొక సూత్రం. దానికోసం రాజ్యాంగంలో 371ఇ అధికరణం చేర్చారు. 1974లో విశ్వవిద్యాలయం వచ్చింది. ఇక్కడి పిల్లలకు ఉన్నత విద్య అందాలన్న ఉద్దేశంతో రాజ్యాంగాన్నే సవరించిన దేశం ఇది. ఇవాళ అందులో అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏలో చేరాలంటే మా పిల్లలకు అడ్డం వస్తున్నది తెలుగులో లేని రెండు పుస్తకాలు. సవరణలు అడగడం లేదు సార్, ముద్రణ అడుగుతున్నాం. ముద్రణ కూడా వద్దు, పీడీఎఫ్ చాలు.

మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. చదువులో ముందు, పొలిటికల్ సైన్స్ చదవాలని పట్టుదల. పేరు చెప్పను, ఆమెకు ఇష్టం ఉండదు. సీయూఈటీ రాసి వచ్చాక నన్ను ఏమీ అనలేదు. ఆ పాఠాలు మనకు లేవా సార్ అని మాత్రం అడిగింది. ఇప్పుడు దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో చదువుతోంది, బాగానే చదువుతోంది. ఆ కాలేజీ తక్కువదని నేను అనను. కానీ అది ఆమె ఎంచుకున్నది కాదు. తెలివి చాలక సీటు రాకపోతే సర్దిచెప్పుకోవచ్చు. పుస్తకం లేక రాలేదంటే ఆ పిల్లకు నేను ఏం చెప్పాలో మీరే రాసి పంపండి.

అడిగేది పెద్దదేమీ కాదు. రాజనీతిశాస్త్రం, చరిత్ర, అర్థశాస్త్రం, అకౌంటెన్సీ, బిజినెస్ స్టడీస్ 12వ తరగతి పుస్తకాలు తెలుగులో పెట్టండి. ఫోను చేసే అనువాదం లాంటిది కాకుండా, పాఠం చెప్పేవాళ్ళ చేత చేయించినది. పారిభాషిక పదాలకు తెలుగు అకాడమీ పుస్తకాలు ఉన్నాయి, పిలిస్తే మేమూ వస్తాం, భత్యం కూడా అక్కర్లేదు. అది ఈ ఏడాదికి కుదరకపోతే, ఎన్‌సీఈఆర్‌టీకీ రాష్ట్ర బోర్డులకూ ఉమ్మడిగా ఉన్న పాఠాల్లోంచే ప్రశ్నలివ్వండి. అదీ కుదరకపోతే కొన్ని ప్రశ్నలు వదులుకునే ఆ పాత వీలైనా తిరిగి ఇవ్వండి. ఏదో ఒకటి చేయండి. ముందు పుస్తకం ఇవ్వండి.

వచ్చే నోటిఫికేషన్ విడుదల చేసే రోజునే, తెలుగులో పరీక్ష రాయొచ్చు అన్న వాక్యం పక్కనే, ఆ తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో లింకు కూడా పెట్టించండి. ఫిబ్రవరిలో మా పిల్లల ప్రాక్టికల్స్, మార్చిలో ఇంటర్ పరీక్షలు. అంతకు ముందే అందితే సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టిస్తాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల సివిక్స్ లెక్చరర్