మా బడికి టీచర్లను ఇవ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

పల్నాడు జిల్లా,
2025 మే 26

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఈ నెల 31న, శనివారం, మా ఊరి ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషన్) ఎయిడెడ్, అంటే ప్రభుత్వ సాయంతో నడిచే, ప్రాథమిక పాఠశాలలో ప్రభుత్వ జీతం అందుకుంటున్న చివరి ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తున్నారు. మంజూరైన పోస్టులు ఐదు. జూన్ 12న బడి తెరిచేనాటికి ఆ ఐదింటిలో ఒక్కరూ ఉండరు. పిల్లలు మాత్రం డెబ్బై నలుగురు ఉంటారు. మీకు చెప్పాలనుకున్న విషయం ఇదే. మిగతాదంతా ఆ బడి ఎలాంటిదో మీకు తెలియాలని రాస్తున్నాను.

నేను ఆ బడిలోనే అక్షరాలు దిద్దుకున్నాను. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా మండల పరిషత్ పాఠశాలల్లో పనిచేసి, ప్రభుత్వ ఉపాధ్యాయురాలిగానే పదవీ విరమణ చేశాను. కాబట్టి ప్రభుత్వ బడిని తక్కువ చేసి ఎయిడెడ్ బడిని పొగడడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. రెండు బడుల పిల్లలూ ఒకే వీధి పిల్లలని నాకు తెలుసు.

మా విచారణలో, అంటే మా ఊరి కతోలిక గుడి సంఘంలో, ఎండాకాలమే సందడి కాలం. మిరప కోతలు అయిపోయి, కల్లాలు ఖాళీ అయ్యాక, సాగర్ కాలువలో నీళ్లు ఆగిపోయాక, మనుషులకు కాస్త తీరిక దొరికేది ఈ రెండు నెలలే. హైదరాబాదులో, బెంగళూరులో పనులు చేసుకుంటున్న పిల్లలు ఇంటికి వస్తారు. మే నెల దేవమాతకు అంకితమైనది కాబట్టి రోజూ సాయంత్రం ఒక ఇంట్లో జపమాల చెప్పుకుంటాం. ఇల్లు చిన్నదైతే వీధిలోనే చాపలు పరుస్తారు. జపమాల అయ్యాక ఆ ఇంటివారు మజ్జిగో, శనగలో చేతిలో పెడతారు. ఆ పది నిమిషాల్లో ఊరి కబుర్లన్నీ తెలిసిపోతాయి. ఈ ఏడాది ఏ ఇంటి ముందు కూర్చున్నా కబురు ఒక్కటే: మాస్టారు వెళ్లిపోతున్నారట, బడి ఉంటుందా?

వేసవి వేదోపదేశ (క్రైస్తవ మత బోధ) తరగతులు బడి గదుల్లోనే జరిగాయి. ఉదయం ఏడు నుంచి పది వరకు, ఎండ ముదరకముందే. అరవై మందికి పైగా పిల్లలు వచ్చారు. వాళ్లలో మా మతం కాని పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ల తల్లులు పొద్దున్నే ఉపాధి పనికి వెళ్తారు, బడి ఆవరణలో వేపచెట్ల నీడ ఉంటుంది, అందుకని పంపిస్తారు. వాళ్లను వేదోపదేశంలో కూర్చోబెట్టలేదు. వాళ్ల కోసం రెండో గదిలో చదవడం, లెక్కలు పెట్టాం. నాలుగో తరగతి పూర్తిచేసిన ఒక పాప తెలుగు పాఠం గడగడా చదివింది. చదివినదాంట్లో ఒక ప్రశ్న అడిగితే తల దించుకుంది. ఐదు తరగతులకూ పూర్తిస్థాయి టీచరు ఒక్కరే ఉంటే ఇంతకంటే ఏం జరుగుతుంది? ఆ తప్పు పాపది కాదు, మాస్టారిదీ కాదు.

ఈసారి వేసవి సెలవులు దుఃఖంతో మొదలయ్యాయి. ఏప్రిల్ 20న పాస్కా (ఈస్టర్) పండుగ చేసుకున్నాం. మర్నాడే ఫ్రాన్సిస్ పాపుగారు (పోప్) కన్నుమూశారన్న వార్త వచ్చింది. గుడి గంట చాలాసేపు మోగింది. ఆ తర్వాత మే 8 రాత్రి, తొమ్మిదిన్నర దాటాక, బడి వరండాలో పెట్టిన టీవీలో కొత్త పాపుగారు ఎన్నికైనట్టు తెలిపే తెల్లటి పొగ కనిపించినప్పుడు పిల్లలు గంతులు వేశారు. పెరూ దేశంలో ఏళ్ల తరబడి మిషనరీగా పనిచేసిన ఆయన లియో 14 అనే పేరుతో పాపుగారయ్యారు. ఆ రాత్రి నా మనసు మాత్రం ఆ ఎన్నికలో ఓటు వేసిన కార్డినల్స్‌లో ఒకరి మీద ఉంది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) కార్డినల్ పూల అంతోని గారు మన కర్నూలు సీమ దళిత కుటుంబంలో పుట్టారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్ ఆయనే. పేదరికం వల్ల చదువు ఆగిపోతే మిషనరీలు చేరదీసి చదివించిన పిల్లవాడాయన. వరండాలో నేలమీద కూర్చుని టీవీ చూస్తున్న మా పిల్లలకు ఆ సంగతి చెప్పాను. ఒకడు లేచి, ‘ఆయనకు టీచర్లు ఎంతమంది అమ్మగారూ?’ అని అడిగాడు. వాడు అమాయకంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మంత్రి గారూ, ఇలాంటి బడులు మన జిల్లాల్లో ఎలా పుట్టాయో మీకు తెలిసే ఉంటుంది. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టారు. 1875 తర్వాత మిల్ హిల్ అనే కతోలిక మిషనరీ సంఘం గురువులు (ఫాదర్లు) తెలుగు పల్లెలకు వచ్చారు. ఫిరంగిపురంలో డిక్‌మన్ గురువుల పేరు ఇప్పటికీ ముసలివాళ్ల నోట వినిపిస్తుంది. 1904లో నెదర్లాండ్స్ నుంచి జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) సిస్టర్లు గుంటూరుకు వచ్చి ఆడపిల్లల చదువు చేపట్టారు. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో మాల, మాదిగ పల్లెల పిల్లలకు పలక చేతికి ఇచ్చింది ఈ బడులే. ప్రైవేటు బడికి ప్రభుత్వం డబ్బు సాయం చేయాలన్న ఏర్పాటు కూడా కొత్తది కాదు, 1854 నాటి వుడ్ తాఖీదు (కంపెనీ పాలన నాటి విద్యా ఆదేశం) నుంచి ఉంది. స్థలం, భవనం, పర్యవేక్షణ క్రైస్తవ సంఘానివి. టీచరు జీతం ప్రభుత్వానిది. ఇప్పుడైతే పిల్లల దగ్గర రుసుము తీసుకోకూడదు. కాలంతో రూపం మారినా, నూట డెబ్బై ఏళ్లుగా నడుస్తున్న ఒప్పందం ఇది. ఈ ఒప్పందంలో సంఘం తన వాటాను ఎక్కడా తప్పలేదు. నిరుడు మా విచారణ గురువులు గుడి ప్రహరీ పని ఆపించి, ఆ డబ్బుతో బడి పైకప్పు బాగు చేయించారు.

ప్రభుత్వ వాటా మాత్రం ఒక్కొక్క పదవీ విరమణతో కరిగిపోతోంది. రెండు దశాబ్దాలుగా ఎయిడెడ్ పోస్టుల భర్తీ నిషేధాలకు, అనుమతులకు, కోర్టు తీర్పులకు మధ్య నలుగుతోంది. పోస్టు రద్దు చేశామని ఎవరూ అనరు. నింపుతామనీ ఎవరూ అనరు. మా బడిలో మొదటి ఖాళీ వచ్చినప్పుడు పెట్టుకున్న అర్జీ ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి వెళ్లి, ‘పూర్తి వివరాలు లేవు’ అని తిరిగి వచ్చింది. వివరాలు నింపి పంపితే మళ్లీ వచ్చింది. ఈలోగా రెండో టీచరు, మూడో టీచరు, నాలుగో టీచరు వెళ్లిపోయారు. ఏ అధికారినీ నిందించాలని నాకు లేదు. ఏ ఫైలు మీద ఏ సంతకం పడాలో అక్కడున్నవారికే స్పష్టంగా తెలియని పరిస్థితి అది.

2021 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థల సిబ్బందిని తీసుకోవడానికి యాజమాన్యాల సమ్మతి అడిగినప్పుడు మా విచారణలో పెద్ద చర్చే జరిగింది. టీచర్లను అప్పగించి ప్రైవేటు బడిగా నడుపుకోండని కొందరు సలహా ఇచ్చారు. అప్పుడు రుసుము వసూలు చేయాలి. మా పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కూలీలు. ఆ ఏడాది విశాఖపట్నంలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు, అనంతపురంలో విద్యార్థుల మీద లాఠీలు లేచాయి. నవంబరులో ప్రభుత్వం నాలుగు మార్గాలు చూపించింది, ఎయిడెడ్ బడిగా కొనసాగడం వాటిలో ఒకటి. మేము దాన్నే ఎంచుకున్నాం. ప్రభుత్వమే కాగితం మీద ఇచ్చిన అవకాశం కదా అని నమ్మాం. టీచరు లేకుండా ఎయిడెడ్ బడిగా కొనసాగడం ఎలాగో ఆ కాగితం మీద రాయలేదు.

ఇప్పుడు మాస్టారికి తోడుగా బడిని నెట్టుకొస్తున్నది ఇద్దరు అమ్మాయిలు. ఇద్దరూ ఈ బడి పిల్లలే, డి.ఎడ్. చదివారు. వాళ్లకు ఇచ్చేది జీతం అనడానికి నోరు రాదు. ఆదివారం కానుకల నుంచి, పంట కానుకల నుంచి పోగుచేసి ఇస్తున్నాం. మా రైతులు కోత అయ్యాక బస్తా, అర బస్తా మిరపకాయలు గుడికి తెచ్చి ఇస్తారు. వాటిని అమ్మిన డబ్బు బడికి పోతుంది. ఈ ఏడాది మిర్చి ధర ఎలా పడిపోయిందో మీకు తెలుసు. చివరకు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. పెట్టుబడి రాని రైతు కానుక ఎక్కడి నుంచి తెస్తాడు? అయినా తెచ్చారు. బస్తా తెచ్చేవాళ్లు బుట్ట తెచ్చారు. ఫిబ్రవరి నుంచి ఆ అమ్మాయిలకు సగమే ఇవ్వగలిగాం. ఒక్కరోజు కూడా వాళ్లు బడి మానలేదు.

ఆ ఇద్దరూ ఇప్పుడు వరండాలో డీఎస్సీకి చదువుకుంటున్నారు. ఏప్రిల్ 20న మీరు 16,347 పోస్టులతో ప్రకటన ఇచ్చారు. జూన్ 6 నుంచి పరీక్షలు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పిల్లలకు అది ఎంత పెద్ద వరమో, టీచరుగా బతికిన నాకు తెలుసు. అందుకు మీకు నిండుమనసుతో కృతజ్ఞతలు చెబుతున్నాను. ఈ నెలలోనే, గత ప్రభుత్వం బడులను మార్చడానికి ఇచ్చిన జీవో 117ను పక్కనపెట్టి, ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికి ఒక టీచరు ఉండేలా కొత్త ఏర్పాటు తెచ్చారు. ఐదు తరగతులు ఒకే గదిలో కూర్చుంటే ఏం జరుగుతుందో చూసినవారు చేసే పని అది. కాని ఆ 16,347లో మా ఐదు పోస్టులు లేవు. ఆ కొత్త ఏర్పాటులో మా బడి లేదు. మా అమ్మాయిలు పరీక్షలో నెగ్గితే మరో ఊరి బడికి వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా. వాళ్లు నెగ్గాలని నేను రోజూ జపమాలలో ప్రార్థిస్తున్నాను. అదే సమయంలో మా బడి గురించి భయపడుతున్నాను. ఒకే నోటితో రెండూ ఎలా అడగాలో తెలియడం లేదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు పిల్లలుంటే ఇద్దరు, తొంభై మంది వరకు ముగ్గురు టీచర్లు ఉండాలి. మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. మేము చట్టం చూపించి గద్దించడం లేదు. డెబ్బై నలుగురు పిల్లలకు ముగ్గురు కావాలన్నది ఏ బడిలోనైనా మారని లెక్క. ఇక రాజ్యాంగం 30వ అధికరణం రెండో భాగం, మైనారిటీ యాజమాన్యంలో ఉందన్న కారణంతో సాయం ఇవ్వడంలో వివక్ష చూపకూడదని స్పష్టంగా చెబుతోంది.

ఒక మాట మీ దృష్టికి ఎవరైనా తెస్తారని తెలుసు, అందుకే నేనే తెస్తున్నాను. ఎయిడెడ్ నియామకాల్లో డబ్బు చేతులు మారుతుందని, యాజమాన్యాలు అయినవాళ్లకు ఇచ్చుకుంటాయని అంటారు. కొన్నిచోట్ల అలా జరగలేదని నేను ప్రమాణం చేయలేను. ఆ అనుమానానికి మందు పోస్టును ఎండగట్టడం కాదు. పరీక్ష మీరే పెట్టండి. ప్రతిభ క్రమంలో జాబితా మీరే ఇవ్వండి. 2020 జనవరిలో పశ్చిమ బెంగాల్ మదరసాల కేసులో, సాయం పొందే మైనారిటీ బడులకు ప్రభుత్వ కమిషన్ టీచర్లను ఎంపిక చేయడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. అటువంటి ఏర్పాటును మా విచారణ వ్యతిరేకించదని, విచారణ మండలి సమావేశంలో అందరూ చేతులెత్తి చెప్పిన తర్వాతే ఈ ఉత్తరం రాస్తున్నాను. మాకు కావలసింది మావాళ్లు కాదు. పాఠం చెప్పేవాళ్లు.

ఐదు పోస్టులూ రేపే నింపమని అడగడం లేదు. డీఎస్సీ జాబితాలు తయారై నియామకాలు జరిగే వరకు, దగ్గరి ప్రభుత్వ బడుల్లో ఎవరైనా మిగులుగా ఉంటే ఇద్దరిని డెప్యుటేషన్ మీద పంపండి. అందుకు చట్టం ఒప్పుకోదంటే, మా ఇద్దరు అమ్మాయిలకు బతకగలిగేంత గౌరవ వేతనం ఇప్పించండి. మా పాత అర్జీ ఏ కార్యాలయంలో ఉన్నా, దానికి ఔననో కాదనో ఒక జవాబు రాయించండి. కాదన్నా సరే. జవాబు వస్తే ఏం చేయాలో మేము ఆలోచించుకుంటాం.

మీ ప్రభుత్వం పిల్లలకు ఇస్తున్న పుస్తకాలు, సంచి, బూట్లు మా బడికి కూడా వస్తాయి. మధ్యాహ్న భోజనం వస్తుంది, జూన్ నుంచి సన్నబియ్యం కూడా వస్తుందన్నారు. తల్లికి వందనం డబ్బు తల్లుల ఖాతాల్లో వేస్తామన్నారు. మా తల్లులు సంతోషంగా ఎదురుచూస్తున్నారు. కాని వాళ్లలో ఒకామె నన్ను అడిగింది: ‘ఆ డబ్బుతో పక్క మండలంలో బస్సు వచ్చే బడికి పంపమంటారా, ఇక్కడే ఉంచమంటారా?’ నాలుగు రోజుల్లో చెబుతానన్నాను.

మాస్టారు ముప్పై ఒకటో తేదీ ఉదయం బడికి వస్తానన్నారు. సెలవులు కాబట్టి రావలసిన అవసరం లేదు. అయినా వచ్చి, హాజరుపట్టీలు, ప్రవేశాల పుస్తకం, బీరువా తాళాలు అప్పగించి వెళ్తారట. ప్రభుత్వ నిబంధన ప్రకారం వాటిని తర్వాతి ఉపాధ్యాయునికి అప్పగించాలి. ఎవరికి అప్పగించాలని ఆయన నిన్న జపమాల తర్వాత నన్ను అడిగారు. ప్రస్తుతానికి గురువుల దగ్గర ఉంచండని చెప్పాను. ప్రవేశాల పుస్తకంలో ఈ వేసవిలో ఒకటో తరగతికి పదకొండు మంది పేర్లు రాశారు.

ఇట్లు,
మా ఊరి విచారణ సభ్యురాలు,
పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు